పావలా వాటాదారు బయటికి వెళ్తే

కృష్ణా డెల్టాలో రైసుమిల్లుకైనా, కోల్డ్ స్టోరేజికైనా, లారీ ట్రాన్స్‌పోర్టుకైనా, విజయవాడ వన్‌టౌన్ బట్టల హోల్‌సేల్‌కైనా తొలి పెట్టుబడి తరచుగా బంధువుల దగ్గర్నుంచే వస్తుంది. అన్నదమ్ములు, బావమరుదులు, వియ్యంకులు తలా కొంత వేస్తారు. వాటాలు రూపాయి లెక్కన చెప్పుకుంటారు: ఒకరిది అర్ధరూపాయి, ఇంకొకరిది పావలా. ఎవరెంత వేశారో అందరికీ తెలుసు. పావలా వాటాదారు బయటికి వెళ్తానంటే అతని చేతికి ఎంత రావాలి, ఏ తేదీ నాటి విలువ మీద, ఎన్ని వాయిదాల్లో అన్నది మాత్రం చాలాచోట్ల రాసి ఉండదు. తగాదా సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది.

ఇలాంటి వివాదాల్లో దేశమంతటికీ దారి చూపిన తీర్పు తెలుగు కుటుంబాల కేసులోనే వచ్చింది. అది అద్దంకి నారాయణప్ప, భాస్కర కృష్ణప్పల కేసు. సుప్రీంకోర్టు 1966లో తేల్చింది. అద్దంకి, భాస్కర అనే రెండు ఉమ్మడి కుటుంబాలు చెరి సగం వాటాతో వడ్లు ఆడించే, వేరుశనగ ఒలిచే వ్యాపారం పెట్టుకున్నాయి. సంస్థకు స్థలం, భవనాలు, యంత్రాలు ఉన్నాయి. 1949లో అద్దంకి వారు సంస్థను రద్దుచేసి లెక్కలు తేల్చమని దావా వేశారు. అది 1936లోనే రద్దయిందని, లెక్కలు అప్పుడే ముగిశాయని, తమకు కరారు కూడా రాసిచ్చారని భాస్కర వారు జవాబిచ్చారు. ఆ కరారు రిజిస్టరు కాలేదు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే కాగితం రిజిస్టరు కాకుంటే చెల్లదన్నది అద్దంకి వారి వాదన.

కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. సంస్థ నడుస్తున్నంత కాలం ఏ భాగస్తుడూ ఫలానా గోడౌను నాది, ఫలానా యంత్రం నాది అనలేడు. అప్పులన్నీ తీరాక మిగిలిన దానిలో తన వంతు విలువే అతనిది. సంస్థకు ఎంత స్థలమున్నా భాగస్తుడి వాటా చరాస్తే కాబట్టి, దాన్ని వదులుకునే కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రద్దయిన సంస్థ లెక్కల కోసం దావా వేసే గడువు మూడేళ్లు. 1936లో ముగిసిన దానికి 1949లో వెళ్లడమంటే ఆ గడువు ఎప్పుడో దాటిపోయినట్టే.

2014లో ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రకటన తర్వాత విజయవాడ చుట్టుపక్కల స్థలాల ధరలు ఎగిశాక ఈ తీర్పు బరువు ఇక్కడ మరింత పెరిగింది. మిల్లు లాభం కన్నా మిల్లు కింద నేల విలువే ఎక్కువైన చోట, చిన్న కాగితం మీద పెట్టిన సంతకం పెద్ద ఆస్తిని వదిలేసినట్టు కావచ్చు. ఇందులో మరో మెలిక ఉంది. స్థలం ఒకరి సొంత పేరున ఉండి, సంస్థకు వాడుకకు మాత్రమే ఇచ్చి ఉంటే అది సంస్థ ఆస్తి కాదు. మిగతావారికి దాని విలువలో భాగం రాదు. భాగస్వామ్య ఒప్పంద పత్రం, అంటే డీడ్‌లో మొదట చూడాల్సింది స్థలం ఎవరిదో చెప్పే వాక్యమే.

1932 నాటి భాగస్వామ్య చట్టం సంస్థను రిజిస్టరు చేయించి తీరాలని అనదు. చేయించకపోతే మాత్రం నష్టం పెద్దది. 69వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని సంస్థ తనకు రావలసిన బాకీ కోసం ఒప్పందం ఆధారంగా దావా వేయలేదు. భాగస్తుడు డీడ్ కింది హక్కు కోసం తోటివారి మీద దావా వేయలేడు. రద్దు కోరడానికి, రద్దయిన సంస్థ లెక్కలు అడగడానికి, దాని ఆస్తి రాబట్టుకోవడానికి మాత్రమే దారి మిగులుతుంది. అంటే నడుస్తున్న వ్యాపారాన్ని కాపాడుకోవాలనుకున్నవాడికి దాన్ని మూయించమని అడిగే హక్కు ఒక్కటే ఉంటుంది.

భాగస్తుడు చనిపోయినా, విరమించుకున్నా, లెక్క తేల్చకుండా మిగతావారు వ్యాపారం నడిపిస్తే 37వ సెక్షను అతనికి లేదా వారసులకు రెండు దారులు ఇస్తుంది: అతని ఆస్తిని వాడుకున్నందుకు వచ్చిన లాభంలో వంతు, లేదా ఏడాదికి 6 శాతం వడ్డీ. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, మామూలుగా మాట్లాడుకునే ప్రాంతంలో 6 శాతం ఏ మూలకూ రాదు. డీడ్‌లో వేరే రేటు రాసుకుంటే చట్టం అడ్డు చెప్పదు. వెళ్లిపోయేవాడు ఇంకో పని కూడా చేయాలి. రిజిస్టరైన సంస్థ అయితే విరమణ సంగతి రిజిస్ట్రారుకు తెలిపి, గెజెట్‌లోనూ, ఆ ప్రాంతపు తెలుగు పత్రికలోనూ ప్రకటించాలి. లేదంటే తర్వాతి అప్పులకూ అతన్ని పట్టుకోవచ్చు. బ్యాంకుకిచ్చిన హామీ పత్రం ఈ ప్రకటనతో రద్దు కాదు. దాన్ని బ్యాంకే విడుదల చేయాలి.

సంస్థను ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చుకున్నంత మాత్రాన బంధుత్వపు తగాదా ఆగదు. ఇద్దరు నాయుడు సోదరులు ఒక కంపెనీలో చెరి 25 షేర్లు ఉంచుకుని, ఏ శాఖ షేర్లు ముందుగా ఆ శాఖకే అమ్మజూపాలని మాట అనుకున్నారు. తర్వాతి తరంలో ఒకరు అవతలి శాఖకు అమ్మారు. ఆ కట్టుబాటు కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో లేదు కనుక చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో పెద్దల ఎదుట అనుకున్న మాట ఎంత నిజమైనా, కంపెనీకి తెలిసినది ఆర్టికల్స్ మాత్రమే.

డైరెక్టరు పదవి నుంచి తీసేసి, డివిడెండు కూడా ఇవ్వకుండా కూర్చోబెడితే చిన్న వాటాదారు 2013 కంపెనీల చట్టం 241వ సెక్షను కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. షేర్ మూలధనంలో పదో వంతు ఉన్నా, సభ్యుల్లో పదో వంతు కలిసినా చాలు. అతని షేర్లను మిగతావారు గానీ కంపెనీ గానీ కొనాలని ట్రిబ్యునల్ ఆదేశించగలదు. పోరాటమంతా అప్పుడు ధర నిర్ణయించే వాల్యుయర్ చుట్టూ తిరుగుతుంది.

ఆస్తిని షేర్ల కన్నా వ్యాపారాల వారీగా పంచుకోవడం కొన్ని కుటుంబాలకు నయం. 1941లో వెలగపూడి రామకృష్ణ స్థాపించిన కేసీపీ కంపెనీలో ఉయ్యూరు, లక్ష్మీపురం చక్కెర ఫ్యాక్టరీలు 1995లో వేరే కంపెనీగా విడిపోయాయి. సిమెంటు, ఇంజనీరింగు పాత కంపెనీలో ఉన్నాయి. అది లిస్టెడ్ కంపెనీ అయినా, మిల్లు ఒకరికి, కోల్డ్ స్టోరేజి ఒకరికి పంచాలనుకునే ఇంటికి ఆ పద్ధతి పనికొస్తుంది.

భాగస్వామ్య ఒప్పందం మీద మూడు లక్షల రూపాయలకు తగ్గని వివాదమైతే అది వాణిజ్య కోర్టుకు వెళ్తుంది. తక్షణ ఉత్తర్వు అవసరం లేని దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. అక్కడ కుదిరిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన బలం ఉంటుంది.