లాంగ్‌జింగ్ తేనీరు: మందుగా కాదు, రుచికై తాగండి

"గ్రీన్ టీ చేదుగా ఉంటుంది డాక్టరు గారూ, ఆరోగ్యం కోసం ఎలాగో మింగుతున్నాను" అని పలువురు నాతో అంటూ ఉంటారు. ఆ చేదు చాలావరకు ఆకుది కాదు, మనం సలసల మరిగించే నీటిది.

చైనాలోని హాంగ్‌జౌ నగరంలో, పశ్చిమ సరస్సు సమీపపు కొండలపై పెరిగే లాంగ్‌జింగ్ తేయాకు నాకు ప్రీతిపాత్రమైనది. ఆ పేరుకు డ్రాగన్ బావి అని అర్థం. ఏప్రిల్ తొలివారంలో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందు కోసిన చిగుళ్లను శ్రేష్ఠమైనవిగా ఎంచుతారు. వాటిని వేడి ఇనుప మూకుడులో అదుముతూ వేయించడం వల్ల ఆకు చదునుగా మారుతుంది, పచ్చదనం నిలుస్తుంది. దాని సువాసనను చెస్ట్‌నట్ గింజలతో పోలుస్తారు. నాకు మాత్రం వేయించిన పెసరపప్పు గుర్తుకు వస్తుంది.

కాచే విధానం సులభం. మరిగిన నీటిని సుమారు 80 డిగ్రీలకు చల్లారనివ్వండి. 200 మిల్లీలీటర్లకు 3 గ్రాముల ఆకు వేసి, రెండు మూడు నిమిషాలు ఆగండి. నీరు మరీ వేడిగా ఉంటే చేదు, వగరు కలిగించే కెటెకిన్లు అధికంగా దిగుతాయి. తక్కువ వేడిలో థియనైన్ ఇచ్చే కమ్మదనం మరుగున పడదు. పంచదార, తేనె అవసరముండదు. అదే ఆకుపై మరో రెండుసార్లు నీరు పోసుకోవచ్చు.

ఇక వైద్యునిగా ఒక మాట. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతున్న ఒక గృహిణికి మూడు నెలలైనా హిమోగ్లోబిన్ పెరగలేదు. విచారిస్తే, ఆమె రోజూ మాత్రను గ్రీన్ టీతోనే మింగుతున్నదని తెలిసింది. తేయాకులోని పాలీఫెనాల్స్ ఇనుముతో కలిసి, అది రక్తంలోకి చేరకుండా అడ్డుపడతాయి. వేళ మార్చిన తరువాత ఆమె కోలుకున్నది. కనుక భోజనానికీ, ఐరన్ మాత్రకూ ముందూ వెనుకా కనీసం గంటసేపు టీ తాగకండి.

బరువు తగ్గిస్తామంటూ అమ్మే గ్రీన్ టీ సారపు మాత్రల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటి నుండి రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఇ.జి.సి.జి. అనే కెటెకిన్ అందితే కాలేయానికి హాని కలగవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో కాచుకునే తేనీటికీ, ఆ మాత్రలకూ ఎంతో తేడా ఉన్నది.

గ్రీన్ టీ మధుమేహానికో, ఊబకాయానికో చికిత్స కాదు. మీ మందులు మానకండి. సాయంత్రం నాలుగింటికి ఒక గాజు గ్లాసులో ఆకులు మెల్లగా అడుగుకు దిగుతుంటే చూస్తూ, తీరికగా తాగండి. అంతకు మించిన ప్రయోజనాన్ని దాని నుండి ఆశించవద్దు.