అయ్యనారు కోవెల దారిలో ఎలుగు

మన రాజపాళయమునకు తూర్పున సంజీవిమల, పడమట సహ్యాద్రి. హనుమంతుడు మోసికొని పోవుచుండగా జారిన తునకయే ఆ తూర్పుకొండ యని ఊరివారు చెప్పుకొందురు. మూలికల జాడను హనుమంతునకు చెప్పినవాడు జాంబవంతుడు, భల్లూకరాజు. విజయనగర కాలమున తరలివచ్చిన మన కుటుంబములలో పిల్లలు ఎలుగుబంటి నెరుగునది ఇట్టి కథలలోనే. కొండమీది జంతువు మాత్రము వారికి 'కరడి'. ఒకే మృగమునకు కథలో నొక పేరు, అడవిలో నొక పేరు. ఆ రెండును కలిసిన దినము నొకదానిని చెప్పెదము.

నైరుతి వానలు వెనుదీసి, ఈశాన్యపు వానలింకను రాని పురటాసి నెల యది. పదకొండేండ్ల మనుమని వెంటబెట్టుకొని, అడవిశాఖవారి అనుమతి గైకొని, ఊరికి సుమారు 10 కిలోమీటర్ల దూరమున నున్న అయ్యనారు కోవెల వైపు తెల్లవారకముందే బయలుదేరితిమి. దారిచూపుటకు పలియరు పెద్ద యొకరు వచ్చెను. మన కుళాయిలకు నీరిచ్చు ఆరవ మైలు జలాశయము దాటినచో అడవియే. బూడిదవన్నె పెద్ద ఉడుతల కొరకు 1988లో అభయారణ్యమైన ఈ భూమి, 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యమున చేరినది.

పలియరు పెద్ద ఒక్క మాట చెప్పెను: దారి పొడుగునను మాటాడుచు నడువవలెను. ఎలుగుబంటికి చూపును, వినికిడియు అంతంత మాత్రమే. మనిషి చేరువకు వచ్చువరకు ఎరుగదు. ఎరిగిన పిమ్మట బెదరి మీదపడును. మేము చెవిని బెట్టలేదు. ఉడుతను చూడవలెనన్న ఆశతో, నోరు మెదపవద్దని పిల్లవానిని గదమాయించితిమి. తెలిసినవాని మాటకంటె పుస్తకము చదివినవాని బుద్ధి గొప్పదను భ్రమ మాకు లేకపోలేదు.

ఉడుత కనబడినది. చెట్టుపై నుండి తోక వ్రేలాడదీసి కాయ కొరుకుచున్న దానిని పిల్లవాడు కన్నార్పక చూచెను. ఆ మురిపెముతో వాడు వాగు మలుపు దాటి ముందునకు పరుగెత్తెను. దారిప్రక్కన తవ్వి చెదరగొట్టిన చెదలపుట్టను మేమప్పుడే చూచితిమి. మన్ను ఇంకను తడిగా నుండెను. మలుపు కావలి పొదలలో కొలిమితిత్తి యూదినట్లు చప్పుడు. ఎలుగుబంటికి పైదవడ ముందరి రెండు పండ్లుండవు. ఆ సందునుండి చెదపురుగులను పీల్చు చప్పుడది. పొదకును మాకును నడుమ పిల్లవాడు.

పిలువబోయితిమి, నోట మాట పెగలలేదు. పలియరు పెద్ద కర్రతో బండను కొట్టెను. అప్పుడు మాకు గొంతు వచ్చినది. వాడు బడిలో చదువునది అరవము, ఇంగ్లీషు. అయినను ఆ క్షణమున మానోట వచ్చినది ఇంటి తెనుగే. "కదలబాకురా నాయనా! నిలబడు! నిలబడు!" అని ఎలుగెత్తి అరచితిమి. వాడు నిలిచెను. చప్పుడాగినది. నల్లని వీపొకటి పొదలు చీల్చుకొని మిట్టకెక్కెను. ఆ వీపుపై బొచ్చు పట్టుకొని చిన్నపిల్ల యొకటి.

1791లో షా అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు దీనిని చెట్లకు వ్రేలాడు 'స్లాత్' అను జంతువుల జాతిలో చేర్చెను. తప్పు తెలిసిన పిదపను ఇంగ్లీషువారు ఆ పేరు విడువలేదు. మందకొడి యన్న ఆ పేరు, మిట్టకెక్కిన ఆ వేగమును చూచినవారికి నవ్వు పుట్టించును. మాకప్పుడు నవ్వు రాలేదు.

వాగు ఇసుకలో కూర్చుండి పొట్లము విప్పినను ముద్ద దిగలేదు. వాడే మొదట మాటాడెను.

"తాతా, నీ ఎలుగు రాసిపోయింది."

జలుబు చేసినప్పుడెల్ల వాని నాయనమ్మ అనుమాట యది. అని, తానే ఆగి, "ఎలుగంటే కరడి కదా?" అనెను.

"గొంతూ ఎలుగే, కరడీ ఎలుగేరా."

వాడు కొంతసేపాలోచించి, పుల్లతో ఇసుకలో ఆ మాటను అరవలిపిలో వ్రాసెను. ఆ లిపిలో కకార గకారములకు ఒకే యక్షరము. వ్రాసినది 'ఎలుకు' అనియు చదువవచ్చును. అది కాదని ప్రక్కన 'గ' వ్రాసి చూపితిమి. ఇన్నేండ్లలో వానికి మేము నేర్పిన మొదటి తెనుగక్షర మదియే; చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

పొద్దు వాలుచున్నది, లెమ్మని పలియరు పెద్ద తొందరపెట్టెను. వాడు 'గ'ను మరి రెండుమార్లు దిద్ది లేచెను. తిరుగుదారిలో మా చేయి విడువక, ఆగకుండ, బిగ్గరగా మాటాడుచునే నడిచెను.