తుపాను వెళ్లాక డాల్ఫిన్ల సంగతేంటి?

తుపాను అనగానే మా అమ్మమ్మ నోట ఒకటే తేదీ: 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. ఆ కబుర్లు వింటూ పెరిగాను కాబట్టి, తుపానంటే నాకు సముద్రం ఊరి మీదకి రావడమే. ఊళ్ల నీళ్లన్నీ సముద్రం మీదకి వెళ్లడం కూడా ఒక ఉప్పెనేనని 2024 సెప్టెంబర్‌లో తట్టింది.

అప్పుడు వాయుగుండం వానలకి ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. బ్యారేజీ కట్టాక అదే రికార్డు. బెజవాడలో అందరం ఫోన్లలో ఆ వీడియోలే చూశాం. మరి అంత నీరూ ఎక్కడికెళ్లింది? పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, దివిసీమను చుట్టుకుని, సముద్రంలోకి.

మన దేశ తీరంలో తిరిగే హంప్‌బ్యాక్ డాల్ఫిన్లకు నచ్చేది సరిగ్గా అలాంటి చోటే. లోతు తక్కువ నీళ్లు, నది మొగలు. డాల్ఫిన్ చేప కాదు, మనలాగే గాలి పీల్చే జీవి. ఎంత పెద్ద అలలున్నా పైకొచ్చి ఊపిరి తీసుకోవాల్సిందే. ఆ గండం గడిచినా, గాలి తగ్గాక ఇంకోటి మొదలవుతుంది. అదే మంచినీళ్లు! ఉప్పునీటికి అలవాటైన ఒంటికి చాలా రోజులు మంచినీళ్లు తగిలితే చర్మం ఉబ్బి పుండ్లు పడతాయి, రక్తంలో లవణాల లెక్క తప్పుతుంది. 2017లో అమెరికాలో హార్వీ తుపాను వచ్చాక టెక్సాస్‌లోని గాల్వెస్టన్ అఖాతంలో జరిగింది ఇదే. వరద నీటితో అక్కడ ఉప్పదనం పడిపోయింది, చర్మం దెబ్బతిన్న డాల్ఫిన్లు పెరిగాయి. పక్కకి వెళ్లిపోవచ్చు కదా అంటారా? తీరంలో ఉండే డాల్ఫిన్లు చాలావరకు తమ చోటు వదలవు. వరదొచ్చినా ఇల్లు కదలని మన పెద్దవాళ్లలాగే.

వరదను మనం ఆపలేం. అందులో ఏం కలిసి వెళ్లాలన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. బందరు కాలువలో విసిరిన కవరు, ఒడ్డున వదిలేసిన తెగిన వల, పొలం మందు డబ్బా... అన్నీ అదే దారిన పోతాయి.

ఇంకో మాట. తుపాను తర్వాత బీచ్‌లో డాల్ఫిన్ కనిపిస్తే సెల్ఫీ కోసం మూగకండి, తోక పట్టి లాగకండి. తడి గుడ్డ కప్పండి. తల మీద ఉండే ముక్కు రంధ్రంలోకి నీళ్లు పోనివ్వకండి. వెంటనే అటవీ శాఖకు ఫోన్ చేయండి. వన్యప్రాణి చట్టం డాల్ఫిన్‌కి పులితో సమానంగా రక్షణ ఇచ్చింది. తుపాను వస్తోందని మనకి మెసేజ్ వస్తుంది, దానికి రాదు. ఆ ఒక్క ఫోన్ కాల్ మనం చేయాల్సిందే.