పలనాటిపై గగనయానము

పలనాడనగనే మనకు కారెంపూడి రణరంగమును, నాగమ్మ మంత్రాంగమును, బ్రహ్మనాయని చాపకూడును స్ఫురించును. రాళ్లకును ఎండలకును పుట్టినిల్లని లోకులు చెప్పుకొందురు. కాని యీ సీమ పడమటికొసను, కృష్ణాతీరమున, విజయపురి సౌత్ చెంత విమానములు దిగు చిన్న మైదానమొకటి కలదని యెరిగిన సోదరీమణులు కొలదిమందియే యుందురు.

నరసరావుపేట నుండి మేము పిడుగురాళ్ల మీదుగ బయలుదేరితిమి. సున్నపుబట్టీల పొగ యొకవైపు, మిరపచేల పచ్చదన మొకవైపు. గురజాల, రెంటచింతల దాటి మాచర్ల చేరి, చెన్నకేశవస్వామిని సేవించుకొని ముందునకు సాగితిమి. అచ్చటినుండి నేల క్రమముగ గుట్టలుగ మారి నల్లమలతో చుట్టరికము కలుపుకొనును. చంద్రవంక ఎత్తిపోతలయై లోయలోనికి దుముకును. ఆవల నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిన యీ యానకట్ట యెత్తు 124 మీటర్లు. 1967లో దీని కాలువలకు నీరు వదలిరి. ఆ నీటి చలువచేతనే పలనాటి నల్లరేగడి నేడు వరి పండించుచున్నది.

ఈ ప్రాంతపు మైదానమునుండి యెగిరిన శిక్షణవిమానములు మిక్కిలి చిన్నవి. ఆసనములు రెండు, ఇంజను ఒక్కటి. 2022 ఫిబ్రవరి 26వ తేదీన ఇచ్చటినుండి ఒంటరిగ బయలుదేరిన శిక్షణార్థిని యొకతె, ఏటికావల నల్గొండ జిల్లా పెద్దవూర మండలమున విమానము కూలి మృతినొందెను. ఆ వార్త విన్ననాడు ఆడపిల్లలుగల యిండ్లలో తల్లుల గుండెలు ఝల్లుమన్నవి. గాలిలో నుండగా యంత్రము మొరాయించినచో ఆ పిల్లలకు దిక్కేమి యను ప్రశ్న మమ్మును గూడ వెన్నాడినది. అందుచేత ఆ సంగతిని కొంత తెలిసికొంటిమి.

బండి చీల యూడిన, దిగి సరిచేసికొనవచ్చును. మింట దిగుటకు తావులేదు. కావుననే యంత్రనిర్మాతలు ముఖ్యమైన కొన్నిటిని జంటలుగ నమర్చిరి. ఇట్టి యింజనులో నిప్పురవ్వ పుట్టించు మాగ్నెటోలు రెండుండును. ఒకటి చెడినను రెండవది యింజనును నడిపించును. ఎగురుటకు ముందు ఒక్కొక్కదానిని వేరువేరుగ పరీక్షింతురు. పెట్రోలు తొట్టి యడుగునుండి కొంచెము తీసి నీరు కలసెనేమో చూతురు. ఎండకాచు దినమున సైతము గాలిలో తేమ యధికముగ నున్నచో, ఇంజనుకు పెట్రోలును గాలిని కలిపి యందించు కార్బురేటరులో మంచు గట్టవచ్చును. దానిని కరగించుటకు వేడిగాలిని మరలించు మీట ప్రత్యేకముగ కలదు.

ఇన్ని జాగ్రత్తలున్నను ఇంజను ఆగెననుకొందము. అంతటితో విమానము రాయివలె పడదు. ముక్కు కొంచెము దించి తగిన వేగము నిలుపుకొన్నచో, అది గ్రద్దవలె జారుచు వేయి అడుగుల యెత్తునుండి సుమారు మైలున్నర దూరము పోగలదు. ఆ కొద్దికాలములో నడుపువారు చేయవలసిన పనుల వరుసను గురువులు పదేపదే నేర్పుదురు. మొదట విమానమును అదుపులో నుంచుకొనుట, పిదప దిగుటకు చోటు వెదకుట, ఆ పిమ్మటనే రేడియోలో మాటలాడుట. ఈ వరుస తప్పరాదు.

ఈ వరుస యెంత ముఖ్యమో నల్లమలయే మనకు చాటినది. 2009 సెప్టెంబరు 2వ తేదీన నాటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరిరి. త్రోవలో దట్టమైన వానమబ్బులు కమ్మినవి. ఆ సమయముననే యంత్రపు నూనె యొత్తిడిని గూర్చిన హెచ్చరిక కలిగినది. నడుపువారు దానికి పరిష్కారమును పుస్తకములో వెదకుచు కొన్ని నిమిషములు గడపిరని విచారణసంఘము తేల్చినది. చివరకు బలమైన క్రిందిగాలిలో జిక్కి అదుపుతప్పి, హెలికాప్టరు పావురాలగుట్టపై కూలెను. అందున్న యైదుగురును మరణించిరి. చిన్న హెచ్చరిక దృష్టిని హరింప, పెద్ద యపాయము బయట పొంచియుండెను.

ఆనకట్ట మీద నిలిచి మేము పలనాటి వైపు చూచినప్పుడు ఆ నేల మరియొక తీరున గోచరించినది. దిగుటకు చోటు వెదకు కన్నులకు కొండ యడ్డు, జలాశయ మడ్డు. విద్యుత్కేంద్రమునుండి నలుదిక్కులకు సాగిన తీగె లన్నిటికంటె పెద్ద యడ్డు. పంట కోసిన చదునుచేను మాత్రమే చేయిచాచిన చుట్టము.

ఇంత భయముండగా ఆడపిల్లల కీ విద్య యేల యని కొందరందురు. 1936లో సరళా ఠక్రాల్ చీరకట్టుతోనే ఒంటరిగ విమానము నడపినప్పుడు ఈ మాట పుట్టియేయుండును. నేడు మనదేశపు విమానచోదకులలో స్త్రీల పాలు ప్రపంచపు సగటుకన్న హెచ్చు. అపాయమున్నదని వంటయింటి పొయ్యి నార్పివేయము గదా. కొంగు బిగించి, మంట నెరిగి మెలగుదుము.

కాకున్న, బిడ్డను పంపు తల్లిదండ్రులు మొగమాటము విడిచి శిక్షణశాలవారిని మూడు ప్రశ్న లడుగవలెను. యంత్రమున కనబడిన ప్రతి లోపమును ఆనాడే పుస్తకమున వ్రాయుచున్నారా? ఇంజను ఆగినప్పుడు దిగు విధమును గురువు ప్రక్కనుండి పలుమారులు చేయించుచున్నారా? అనుమానము గలిగి, నేడు నేనెగురనని బిడ్డ పలికినచో మందలింపక మన్నింతురా? రుసుము సంగతికంటె ముందు ఈ మూటికి తృప్తికరమైన జవాబు రావలెను. జవాబు చెప్పుటకు విసుగుకొను చోట బిడ్డను చేర్పకుండుటయే మేలు.