మూలల్లో దూది సంచులు

1956 వరకు మా రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. తర్వాత నాందేడుకి, 1959లో చాందాకి మారింది. మా ఇంట్లో మాట మారలేదు, బడి మాట మారింది. నా మనవరాలి చదువు మరాఠీలో. దానికి తెలుగు మా నోటివెంటా, సాయంత్రం నేను పెట్టే ఘంటసాల పద్యాల్లోనూ వినపడాల్సిందే.

చిక్కంతా ఆ వినపడటంలోనే. ముందు గది 12 అడుగుల చదరం, పైన స్లాబు. "తాతా, ఆయన గుండిగల కూసోని పాడుతుండా?" అంది పిల్ల. పోలిక సరిగ్గా ఉంది.

నేను బి.కాం. వాణ్ణి, భౌతికశాస్త్రం నా పద్దు కాదు. అయితే సి.వి. రామన్ కూడా 1907లో కలకత్తాలో లెక్కల శాఖ ఉద్యోగంలోనే చేరి, తీరిక వేళల్లో శబ్దం వెంట పడ్డాడు. ఆ ధైర్యంతో నేనూ లెక్క వేశాను. శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య పోయి రావడానికి 24 అడుగులు. భాగిస్తే 47. సెకనుకు 47 కంపనాల స్వరం ఈ గదిలో చక్రవడ్డీలా పేరుకుంటుందన్నమాట. దాని రెట్టింపు 94 కూడా అంతే. మగగొంతు మంద్రం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. చదరపు గది కనుక రెండు జతల గోడలూ ఒకే స్వరాన్ని మోస్తాయి. (చదరం వాస్తుకు మంచిదేమో, పాటకు కాదు.) ఆ హోరులో మాట మసకబారుతుంది.

పరదాలు, జంబుఖానాలు దీనికి చాలవు. 47 కంపనాల అల పొడవే 24 అడుగులు. స్పీకర్లను మూలల్లోంచి జరిపాను, ఈ స్వరాలన్నీ అక్కడే గట్టిగా రేగుతాయి కనుక. కుర్చీని వెనక గోడకు 3 అడుగులు ముందుకు తెచ్చాను. గది పొడవులో నాలుగో వంతు దగ్గర ఆ దిక్కు 94కు బలముండదు. ఇంతవరకు పైసా ఖర్చు లేదు.

ఖర్చు దూదికి. మాది పత్తి పండే సీమ. ఏకిన దూదిని పలచని గుడ్డ సంచుల్లో వదులుగా నింపి, రెండు మూలల్లో నేల నుంచి స్లాబు దాకా నిలబెట్టించాను. పోగుల మధ్య గాలి ఒరుసుకుని శబ్దం కొంత వేడిగా మారిపోతుంది. గట్టిగా కుక్కితే గాలి చొరదు. "ఏందండీ, ఇది ఇల్లా, జిన్నింగు మిల్లా?" అంది మా ఆవిడ. ఎలుకల భయం ఆమెది. న్యాయమే, నెలకోసారి దులుపుతున్నాం.

47 పూర్తిగా పోలేదు, దానికి ఈ మందం చాలదు. తలుపు తెరిస్తే ఇంకాస్త తగ్గుతుంది గాని అప్పుడు వీధంతా వినాలి. మాట మాత్రం తేటపడింది. మొన్న పిల్ల ఒక సమాసాన్ని ఉన్నదున్నట్టు పలికి అర్థమడిగితే నేను నిఘంటువు తీయాల్సి వచ్చింది.

నేలకూ స్లాబుకూ మధ్య 10 అడుగులు. అక్కడ 56 అలాగే ఉంది. పైన కూడా దూది కట్టిద్దామన్నాను. అంచనా కాగితం మీద రాసివ్వమంది మా ఆవిడ, బ్యాంకులో నేను అందరినీ అడిగినట్టే.