బల్ల మీది గంట

మా కార్యాలయంలో మేము పదకొండు మందిమి. దాదాపు అందరమూ వ్యవసాయ కుటుంబాల నుండి వచ్చినవాళ్లమే. మా తండ్రులు నాగలి పట్టారు, మేము కుర్చీ పట్టాము. బల్ల మీది గంట కొడితే నీళ్లు, టీ, ఫైలు అన్నీ మా దగ్గరికే వచ్చేవి. మేడ మెట్లు రోజంతా ఎక్కి దిగేది మా అటెండరు బాబాయి ఒక్కడే.

2022 వేసవిలో ఒక ఉదయం మా క్యాషియరు గారు ఛాతీ బరువుగా ఉన్నదన్నారు. ఒళ్లంతా చెమట, ఎడమ చెయ్యి లాగుతున్నది. గ్యాస్ అనుకున్నాము. ఒకరు సోడా తెప్పించారు, ఒకరు వాము నమలమన్నారు. అలా రెండు గంటలు పోగొట్టాము. చివరికి బాబాయే, "మీ వైద్యాలు చాలించండయ్యా, 108కి ఫోను చెయ్యండి" అని కేకలేశాడు. అది గుండెపోటు. ఆయన బ్రతికారు, దేవునికి స్తోత్రము. అయితే ఆలస్యం వలన గుండె కండరం కొంత దెబ్బతిన్నదని డాక్టరు చెప్పినప్పుడు ఆయన భార్య ముఖం చూడలేక తలలు దించుకున్నాము.

తరువాత నెలలో ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి అందరికీ బి.పి. చూసింది. మాలో ఆరుగురికి ఎక్కువే. అందరికంటే పెద్దవాడైన బాబాయికి మాత్రం సరిగా ఉన్నది!

ఒక్క మనిషిని చూసి తీర్పు చెప్పకూడదు, నిజమే. కాని ఈ మాట విన్న డాక్టరు గారు మాకు లండను బస్సుల సంగతి చెప్పారు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి 1953లో ప్రచురించిన పరిశోధన అది. అక్కడి రెండంతస్తుల బస్సులో డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు 500 నుండి 750 మెట్లు ఎక్కేవాడు. ఒకే సంస్థ, ఒకే బస్సు. అయినా గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనబడింది. నడిచి ఉత్తరాలు పంచే పోస్టుమన్లకూ, కూర్చుని పనిచేసే గుమాస్తాలకూ మధ్య కూడా అదే తేడా. డ్రైవర్లు మొదటి నుండీ లావుపాటివారేమోనని మోరిస్ వారి యూనిఫారాల నడుము కొలతలు కూడా చూశాడట. నిజంగానే వారి నడుములు పెద్దవే! ఆయన అంతటితో ఆగక, తరువాతి కాలంలో ప్రభుత్వ గుమాస్తాలను పరిశీలించి, తీరిక వేళ చేసే గట్టి వ్యాయామం కూడా గుండెకు మేలని చూపించాడు. మావంటి కుర్చీ మనుషులకు ఆశ పుట్టించిన మాట అదే. మోరిస్ గారు 2009లో, 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ముందు గంటలు తీసేశాము. ఎవరి ఫైలు వారే తెచ్చుకోవాలి, ఎవరి నీళ్లు వారే. మొదటి వారం బాబాయి ఏమి చెయ్యాలో తోచక మా వెనకే తిరిగాడు.

తెల్లవారి అయిదు గంటలకు అందరమూ నడవాలని పెద్ద తీర్మానం చేశాము. పది రోజులు కూడా నిలువలేదు. మాలో ముగ్గురు స్త్రీలు. ఆ వేళకు పొయ్యి వెలిగించాలా, నడవాలా? వారిని అడగకుండా తీర్మానించింది మా మగవాళ్లమే. అందుకని సాయంత్రం ఆఫీసు విడిచాక హైస్కూలు మైదానంలో అరగంట నడక పెట్టుకున్నాము. వారానికి అయిదు రోజులు, అనగా 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన కనీస లెక్క కూడా అదే. బి.పి. మాత్రలు మాత్రం ఎవరూ మానలేదు.

నడక కుదిరింది గాని ఉప్పు దగ్గర ఓడిపోతున్నాము. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. క్యారియర్లు విప్పితే ఆవకాయ, వడియాలు, మజ్జిగ మిరపకాయలు! ఒకాయన సిగరెట్టు మానాడు. ఇంకొకాయన మానానంటాడు, జేబు మాత్రం వాసన వస్తుంది.

క్యాషియరు గారు డాక్టరు అనుమతించాక మాతో కలిశారు. మెల్లగా రెండు చుట్లు తిరిగి వేపచెట్టు కింద కూర్చుంటారు. బాబాయి పక్కనే ఉండి, "ఏమయ్యా, ఆయాసంగా ఉన్నదా?" అని అడుగుతాడు. లేదంటే, "అయితే రేపు ఇంకో అర చుట్టు" అంటాడు.