తుపాకీ లేని మావయ్య

మా మావయ్య సెలవులకు చిలకలూరిపేట వస్తే చాలు, పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్లం... ‘తుపాకీ తెచ్చావా మావయ్యా?’ అంటూ. ‘నాది పానా పట్టే ఉద్యోగంరా’ అని నవ్వేవాడు. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్‌ ఫ్యాక్టరీలో ఫిట్టరు. 1984లో ఏర్పాటైన ఆ ఫ్యాక్టరీ సైన్యానికి బీఎంపీ-2 సాయుధ శకటాలు తయారుచేసింది. పనిచేసేది సైనికులు కాదు, మామూలు ఉద్యోగులే.

కొన్నాళ్లకు మావయ్య ఛార్జ్‌మన్‌ అయ్యాడు. నిన్నటిదాకా పక్కన నిలబడి పనిచేసినవాళ్లకే ఇవాళ పని చెప్పాలి. భుజాన నక్షత్రాలుంటే ఆర్డరు చెల్లుతుంది. లేనివాళ్ల సంగతి? అందుకే ఇలాంటి సూపర్‌వైజర్ల కోసం అక్కడే ఓ శిక్షణ సంస్థ పెట్టారు. పెద్ద అధికారులకైతే నాగపూర్‌లో అకాడమీ.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నేను పేజీ ఇన్‌ఛార్జి అయిన కొత్తలో ఓ ట్రైనీ కుర్రాడు ‘ఈ ఫొటో ఆయనది కాదేమోనండీ’ అన్నాడు. ‘చెప్పింది చెయ్యి’ అని కసిరాను. తెల్లారి చూస్తే తప్పు ఫొటోనే అచ్చయింది. ఆ కుర్రాడు మళ్లీ నా బల్ల దగ్గరికి రాలేదు.

సంక్రాంతికి పేట వెళ్లినప్పుడు మావయ్యతో చెప్పుకున్నాను.

‘ట్రైనింగులో ఏం నేర్పారు మావయ్యా?’

‘చాలా నేర్పారు. నాకు పనికొచ్చింది ఒక్కటే. పని చెప్పాక, నీకేమనిపిస్తోందని అడగడం. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగడం.’

తిరిగొచ్చాక నేనే ఆ కుర్రాడి దగ్గరికెళ్లి, పేజీ ముందుపెట్టి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు.

ఆగాను.